రెండు ముక్కల ఐరిష్

2011 మే 18 రాత్రి. డబ్లిన్ కోటలో విందు. బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ ప్రసంగించడానికి లేచారు. స్వతంత్ర ఐర్లండ్‌లో బ్రిటిష్ సింహాసనం మీదున్నవారు కాలు పెట్టడం అదే మొదటిసారి. అంతకు ముందు 1911లో ఐదో జార్జి వచ్చాడు గానీ, అప్పటికింకా ఆ దేశం లండన్ ఏలుబడిలోనే ఉంది. వందేళ్ల పగలూ పట్టింపులూ ఉన్న చోట ఆవిడ ఏం మాట్లాడతారోనని అందరూ చెవులు రిక్కించారు. ఆవిడ నోట మొదట వచ్చినవి ఐదు మాటలు: "అ ఊఖ్తరాన్ అగస్ అ ఖార్జ." అధ్యక్షా, మిత్రులారా అని. పక్కనే ఉన్న దేశాధ్యక్షురాలు మేరీ మెక్అలీస్ పట్టలేని ఆశ్చర్యంతో అటూ ఇటూ చూసి 'వావ్' అనడం కెమెరాల్లో పడింది.

ఐదు రోజులకే, మే 23న, అదే ఊళ్లో కాలేజ్ గ్రీన్ దగ్గర వేలమంది ముందు బరాక్ ఒబామా తన ఎన్నికల నినాదాన్ని ఐరిష్‌లోకి మార్చి అన్నారు: "ఇస్ ఫేజిర్ లిన్." మనవల్ల అవుతుంది! జనం హోరెత్తిపోయారు.

ఇలాంటి పలుకులకు ఐర్లండ్‌లో ఒక పేరుంది. 'కూప్ల ఫొకల్'. తెలుగులో సరిగ్గా 'రెండు ముక్కలు'. ఏదో రెండు ముక్కలు వచ్చులెండి అని మనం పొరుగు భాషల గురించి అంటాం. వాళ్లు తమ సొంత భాష గురించే అలా అంటారు. మంత్రిగారి ప్రసంగం రెండు ముక్కల ఐరిష్‌తో మొదలై ఇంగ్లిష్‌లోకి జారుకుంటుంది. ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చే ఉత్తరం పైన 'అ ఖర' (మిత్రమా) అని, కింద 'ఇస్ మిష లె మ్యాస్' (గౌరవంతో, ఇట్లు నేను) అని ఉంటుంది. మధ్యలోనిదంతా ఇంగ్లిషే. డిసెంబరు వచ్చిందంటే గ్రీటింగ్ కార్డుల మీదా దుకాణాల అద్దాల మీదా 'నొల్లిగ్ హున' మెరుస్తుంది. లోపల బేరం మాత్రం ఇంగ్లిష్‌లో.

2022 జనాభా లెక్కల్లో మూడేళ్లు పైబడిన వారిలో 18 లక్షల 70 వేల మందికి పైగా, అంటే నూటికి 40 మంది, మాకు ఐరిష్ వచ్చునన్నారు. బడి గోడల బయట రోజూ మాట్లాడతామన్నవాళ్లు 71,968 మంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఈ కథ. పండగ పూట ఐరిష్‌కు వచ్చిన లోటేమీ లేదు. మామూలు మంగళవారం నాడు పాలప్యాకెట్ కొనేటప్పుడే దానికి కష్టం. అందుకే ఈ భాషలో నాలుగు పలుకులు నేర్చుకుందామనుకునేవాళ్లకు ఈ వ్యాసకర్త సలహా ఒకటే: పండగ మాట ఒకటి నేర్చుకుంటే, దాని పక్కన మంగళవారం మాట కూడా ఒకటి నేర్చుకోండి.

క్రిస్మస్ మాట

"నొల్లిగ్ హున దిచ్." నొల్లిగ్ అంటే క్రిస్మస్, డిసెంబరు నెల పేరు కూడా అదే. హున అంటే ఆనందమయమైన. దిచ్ అంటే నీకు. చివరి హల్లు మన త కూ చ కూ నడుమ ఎక్కడో పలుకుతుంది. ఆ తేడా ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు. మొదటి 'ద' మాత్రం నాలుక పళ్లకు తగిలే అసలైన 'ద'. ఇంగ్లిష్ అలవాటు ఉన్న నాలుకలు దాన్ని 'డ' చేసేస్తాయి. మనకా ఇబ్బంది లేదు. గొంతులోంచి వచ్చే 'ఖ' కూడా అంతే, హైదరాబాద్ వీధుల్లో ఉర్దూ విని పెరిగినవాళ్లకు అది పరాయిది కాదు.

ఇద్దరికో పదిమందికో చెప్పాలంటే 'దిచ్' పోయి 'దీవ్' వస్తుంది. తెలుగువాళ్లు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. మన 'మీరు' గౌరవానికీ బహువచనానికీ రెండింటికీ పనికొస్తుంది. ఐరిష్ బహువచనం లెక్క కోసమే. ఎనభై ఏళ్ల పెద్దావిడైనా, దేశాధ్యక్షుడైనా ఒక్కరే ఉంటే 'దిచ్' అనాలి. మర్యాద కదా అని ఆవిడకు 'దీవ్' అంటే, నా వెనక ఇంకెవరున్నారబ్బా అని తిరిగి చూసినా చూస్తుంది.

ఎదుటివాళ్లు ముందుగా అనేస్తే? అదే మాట తిరిగి అనొచ్చు, తప్పు లేదు. కానీ పద్ధతైన జవాబు వేరే ఉంది: "గురబ్ అవ్లీ దిచ్", నీకూ అలాగే అగుగాక అని. ఈ జవాబు వచ్చినవాళ్లు తక్కువ. అందుకే దీన్ని నేర్చుకుంటే విలువ ఎక్కువ. శుభాకాంక్ష కార్డు మీద చూసి చదవొచ్చు గానీ, జవాబు చూసి చదివేది కాదు కదా.

కొత్త సంవత్సరానికి "ఆవ్లీన్ ఫ్వీ వాష దిచ్": కొత్త ఏడాది నీకు కళకళలాడుతూ ఉండాలని. దీనికంటే నాకు నచ్చిన పలుకు మరొకటి ఉంది. పండక్కి అందరూ ఒకచోట చేరినప్పుడు, పెళ్లి విందుల్లో, పాత ఏడాది చివరి రాత్రి గ్లాసులెత్తి అంటారు: "గొ మెరిమిజ్ బ్యో ఎర్ అన్ ఆమ్ షొ అరీష్." మళ్లీ ఈ వేళకు మనమంతా బతికి ఉందుముగాక. శుభాకాంక్ష అంటే సంతోషం, సంపద, విజయం అంటూ జాబితా చదవడం అలవాటైన చెవికి ఇది మొదట కటువుగా వినిపిస్తుంది. కానీ ఇంటిల్లిపాదీ ఏటేటా అమెరికా ఓడలెక్కిన దేశంలో, కరవు కళ్లజూసిన ఊళ్లల్లో అంతకు మించి కోరుకోదగిందేముంది?

క్రిస్మస్ అక్కడ ఒక్క రోజుతో పోదు. డిసెంబరు 26న 'లా అన్ డ్రోలీన్', పిచ్చుక కన్నా చిన్నదైన రెన్ పిట్ట పేరిట వచ్చే పండగ. కెర్రీ జిల్లా డింగిల్ పట్టణంలో ఆ రోజు గడ్డితో అల్లిన వేషాలు కట్టి, పిల్లనగోవులూ డప్పులతో వీధులన్నీ తిరుగుతారు. ఒకప్పుడు నిజంగానే పిట్టను వేటాడి కొయ్యకు కట్టి ఊరేగించేవారు. ఇప్పుడు బొమ్మే. ఇక జనవరి 6న 'నొల్లిగ్ న మన్', ఆడవాళ్ల క్రిస్మస్. పండగ పన్నెండు రోజులూ వండి వార్చిన ఇల్లాళ్లకు ఆ రోజు ఆటవిడుపు. ఇంటిపని మగవాళ్లది, ఆడవాళ్లు ఒకచోట చేరి కబుర్లాడుకుంటారు. కార్క్, కెర్రీ ప్రాంతాల్లో నిలిచిన ఈ ఆచారం ఈమధ్య డబ్లిన్ హోటళ్లదాకా పాకింది.

ఆ హెచ్‌లన్నీ ఎక్కడివి?

ఐరిష్ రాత చూసి ఎవరైనా మొదట బెదిరేది హెచ్ అక్షరాన్ని చూసే. ఎక్కడపడితే అక్కడ అదే. 'ఆనందమయమైన' అన్న మాట అసలు రూపం 'సున'. పుట్టినరోజు శుభాకాంక్షలో ఆ రూపంలోనే ఉంటుంది: "లా బ్రెహ సున దిచ్". క్రిస్మస్ దగ్గరికి వచ్చేసరికి 'హున' అయింది. కారణం, ఐరిష్‌లో రోజు పుంలింగం, క్రిస్మస్ స్త్రీలింగం. స్త్రీలింగ నామం తర్వాత వచ్చే విశేషణంలో మొదటి హల్లు మెత్తబడుతుంది. స పోయి హ వస్తుంది. దీన్ని 'షేవూ' అంటారు. పాత ఐరిష్ లిపిలో ఇలా మెత్తబడిన హల్లు మీద ఒక చుక్క పెట్టేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో మామూలు రోమన్ అచ్చుకు మారినప్పుడు చుక్క పోయి దాని స్థానంలో హెచ్ వచ్చి కూర్చుంది. ఇంగ్లిష్ చదివే కళ్లకు ఆ రాత చిక్కుముడిలా కనపడటానికి సగం కారణం అదే.

ఇంకో మార్పు 'ఉరూ'. దీంట్లో పరుషం సరళమవుతుంది: క కు గ, త కు ద, ప కు బ. ఈ మాట వినగానే హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పిన గసడదవాదేశ సంధి గుర్తుకొచ్చి ఉంటుంది. తల్లీ తండ్రీ కలిస్తే తల్లిదండ్రులు, కూరా కాయా కలిస్తే కూరగాయలు, అన్నా తమ్ముడూ కలిస్తే అన్నదమ్ములు. మాట మొదటి హల్లు, ముందున్న మాటను బట్టి మారిపోవడం ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాడికి విడ్డూరం. తెలుగువాడికి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

ఒక్క క్రియాపదంలో మొత్తం చూడొచ్చు. 'తిగిమ్' అంటే నాకు అర్థమైంది. 'అన్ దిగిన్ తూ?' అంటే నీకు అర్థమైందా? 'నీ హిగిమ్' అంటే నాకు అర్థం కాలేదు. త, ద, హ. ప్రశ్నలో ఒకటి, కాదన్నప్పుడు ఒకటి. మనుషుల పేర్లు కూడా ఇందుకు మినహాయింపు కాదు. షాన్ అనే అబ్బాయిని పిలవాలంటే 'అ హ్యాన్', మోర్య అనే అమ్మాయిని పిలవాలంటే 'అ వోర్య'. రాముణ్ని రామా అని పిలిచే మనకు సంబోధన విభక్తి కొత్త కాదు గానీ, మనం పేరు తోక మారుస్తాం, వాళ్లు తలను కూడా మారుస్తారు. స్కాట్లండ్‌లో హేమిష్ అని ఒక పేరు ఉంది. అది అక్కడి గేలిక్‌లో షేమస్‌ను పిలిచే రూపం. పిలుపే పేరైపోయింది.

ఏడాది పొడుగునా

ఫిబ్రవరి 1 'లా ఏల బ్రీజ', బ్రిజిడ్ సాధ్వి రోజు. వసంతానికి తొలి రోజు కూడా. ముందు రాత్రి ఒక గుడ్డముక్కను ఆరుబయట ఉంచుతారు, ఆ రాత్రి బ్రిజిడ్ దాన్ని తాకి పోతుందని, దానికి తలనొప్పి వగైరాలు తగ్గించే గుణం వస్తుందని నమ్మకం. తుంగగడ్డితో నాలుగు చేతుల శిలువ అల్లి గుమ్మానికి కడతారు. 2023 నుంచి ఈ పండక్కి ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు. ఐర్లండ్‌లో ఒక స్త్రీ పేరు మీద వచ్చిన తొలి సెలవు ఇది.

మార్చి 17 సంగతి లోకమంతటికీ తెలుసు. ఆ రోజు మాట "బ్యాన్నఖ్తీ న ఫేల పాద్రిగ్ ఒర్త్". పాట్రిక్ పండగ దీవెనలు నీ మీద ఉండుగాక అని. క్రిస్మస్ 'నీకు', దీవెన 'నీ మీద'. ఈ తేడా పట్టుకుంటే సగం వ్యాకరణం వచ్చినట్టే, ఎందుకంటే ఐరిష్‌లో ఆకలి, విచారం, సంతోషం అన్నీ మనిషి మీదే వాలతాయి. 'తా బ్రోన్ ఒరమ్', విచారం నా మీద ఉంది, అంటే క్షమించండి అని. అన్నట్టు పండగ పేరు ముద్దుగా అనాలంటే 'పాడీస్ డే' అనాలి. అమెరికన్లు 'పాటీస్' అంటే ఐర్లండ్‌లో ఏటా ఓపిక నశిస్తుంటుంది. మార్చి 1 నుంచి 17 దాకా 'షఖ్తన్ న గేల్గె', ఐరిష్ భాషా వారం. పేరుకు వారం, నడిచేది పదిహేడు రోజులు. పాట్రిక్ రోజు 1903లో చట్టప్రకారం సెలవైంది. ఇంకో ముచ్చట: ఈ రోజు ప్రపంచమంతా బీరు గ్లాసుల మధ్య గడిపే ఈ పండగ నాడు, ఐర్లండ్‌లో 1960ల మొదటి దాకా పబ్బులు మూసి ఉంచేవారు.

ఈస్టర్‌కు "కాష్క్ హున దిచ్". అక్టోబరు 31న "ఈహ హౌన హున దిచ్". ఈ రెండోది హాలోవీన్. పండగ పుట్టిల్లే ఐర్లండ్. గుమ్మడికాయ అమెరికా వెళ్లాక వచ్చింది, ఇక్కడ దీపం పెట్టి చెక్కింది టర్నిప్ దుంపను. ఎండుద్రాక్షల రొట్టెలో ఉంగరం దాచి కాలుస్తారు. ఎవరి ముక్కలో ఉంగరం వస్తే ఆ ఏడు వాళ్లకు పెళ్లి. 'సౌన్' అన్నది నవంబరు పేరు, మే నెల 'బ్యాల్తన', ఆగస్టు 'లూనస'. మూడూ క్రైస్తవం రాకముందు రుతువులు మారేటప్పుడు చేసుకున్న పండగల పేర్లే.

మెడలో కర్ర

ఇంత నిండైన భాష రెండు ముక్కలకు ఎలా వచ్చింది? 1831లో బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండ్ అంతటా జాతీయ పాఠశాలలు తెరిచింది. వాటిలో బోధన ఇంగ్లిష్‌లో. 'బతా స్కోర్' అనే కర్రముక్కను పిల్లల మెడలో వేలాడదీసేవారు. ఐరిష్ మాట పలికితే దాని మీద ఒక గాటు. సాయంత్రానికి గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు. దీన్ని తెల్లదొరల దౌర్జన్యం అని తేల్చేయడం తేలిక. కానీ ఆ కర్రకు తల్లిదండ్రులు కూడా ఒప్పుకున్నారన్నది అసలు నొప్పి. పిల్లవాడికి ఇంగ్లిష్ వస్తే ఉద్యోగం, లేదంటే కనీసం అమెరికా ఓడ. ఈ లెక్క తెలుగు ఇళ్లకు వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఆపైన 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప తెగులు తెచ్చిన మహాకరవు. పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకు మించి దేశం విడిచిపోయారు. ఎక్కువగా నష్టపోయింది పడమటి పేద పల్లెలు, అంటే ఐరిష్ మాట్లాడే పల్లెలే. 1851 జనాభా లెక్కల్లో మొదటిసారి భాష గురించి అడిగితే, మాట్లాడేవాళ్లు సుమారు 15 లక్షలని తేలింది. మొత్తం జనంలో నాలుగో వంతుకు కూడా కాస్త తక్కువే.

ఈ భాషను బతికించడానికి 1893లో డగ్లస్ హైడ్, ఓవెన్ మెక్‌నీల్ తదితరులు 'గేలిక్ లీగ్' పెట్టారు. హైడ్ ప్రొటెస్టెంట్ పాస్టరు కొడుకు, ఊళ్లో రైతుల దగ్గర ఐరిష్ నేర్చుకున్నవాడు. 1938లో దేశానికి తొలి అధ్యక్షుడయ్యాడు. లీగ్ పంతుళ్లు సైకిళ్ల మీద ఊరూరా తిరిగి పెద్దవాళ్లకు రాత్రి బడులు నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాషను చేసింది, ప్రతి బడిలో తప్పనిసరి చేసింది కొత్త ప్రభుత్వం. అక్కడే కథ అడ్డం తిరిగింది. పరీక్ష కోసం బట్టీ పట్టిన భాష మీద పిల్లలకు ప్రేమ పుట్టలేదు. బ్లాస్కెట్ దీవిలో బతికిన పెగ్ సేయర్స్ అనే ముసలమ్మ ఆత్మకథ దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకం. అద్భుతమైన కథలమ్మ ఆవిడ. కానీ తరతరాల విద్యార్థులు ఆ పేరు వింటేనే మూతి ముడుస్తారు. పద్నాలుగేళ్లు ఐరిష్ చదివి, బయటికొచ్చి రెండు నిమిషాలు మాట్లాడలేని పరిస్థితికి సిగ్గు తోడైంది. ఆ సిగ్గే ఈ భాషకు అసలు శత్రువని నాకనిపిస్తుంది. తప్పు మాట్లాడతామన్న భయంతో మానేసినవాళ్లే లక్షలు. బాగా వచ్చిన ఇంగ్లిష్ కంటే వంకర ఐరిషే మేలు అని ఒక సామెత పుట్టించుకున్నారంటేనే ఆ భయం ఎంతటిదో తెలుస్తుంది.

మంగళవారం మాటలు

పలకరింపుతో మొదలెడదాం. "జీయ దిచ్." దేవుడు నీకు తోడుండుగాక. జవాబు "జీయ స్ మ్విర దిచ్", దేవుడూ మేరీమాతా తోడుండుగాక. పలకరించినవాడి కంటే జవాబిచ్చేవాడు ఒక మెట్టు పైన ఉండాలన్నది ఇక్కడి మర్యాద. అవతలివాడు పట్టు వదలకపోతే పాట్రిక్కునూ, ఆపైన బ్రిజిడ్‌నూ జతచేస్తూ పోవచ్చు. దేవుణ్ని మధ్యలోకి లాగడం ఇష్టం లేని కుర్రకారు హాయ్ అనేసి ఊరుకుంటారు.

ఎలా ఉన్నావు అని అడగడానికి ఒక్క మాట లేదు, మూడున్నాయి. దక్షిణాన మన్‌స్టర్‌లో "కొనస్ తా తూ?" పడమట కొనహ్త్‌లో "కే హీ విల్ తూ?" ఉత్తరాన అల్‌స్టర్‌లో "గొజే మర్ తా తూ?" ఏది వాడినా అందరికీ అర్థమవుతుంది, మీరు ఏ ఊరి మాస్టారి దగ్గర నేర్చుకున్నారో కూడా అర్థమవుతుంది. శ్రీకాకుళం, చిత్తూరు, కరీంనగర్ యాసలున్న మనకు ఇది సమస్యే కాదు.

ధన్యవాదాలకు "గ రెవ్ మా అగత్". డబ్లిన్‌లో బస్సు దిగేవాళ్లు డ్రైవరుకు థాంక్స్ చెప్పే దిగుతారు. ఆ చోట ఇది అనడం మొదలెడితే రోజుకు రెండుసార్లు సాధన అయిపోతుంది. దయచేసి అనడానికి "లె ద హిల్". వీడ్కోలుకు రెండు రకాలు: వెళ్లేవాళ్లతో "స్లాన్ ల్యాత్", ఉండిపోయేవాళ్లతో "స్లాన్ అగత్". కంగారైతే వట్టి "స్లాన్" చాలు.

ఔను, కాదు అని విడిగా మాటలు వెతకొద్దు. నీకు ఐరిష్ వచ్చా అని అడిగితే, 'తా' (ఉంది) అనో 'నీల్' (లేదు) అనో క్రియనే తిప్పి చెబుతారు. భోంచేశావా అంటే భోంచేశా అంటామే, అంతే. మనుషుల్ని లెక్కపెట్టడంలోనూ తెలుగువాళ్ల పని నల్లేరు మీద నడకే. వస్తువులకు ఒక లెక్క, మనుషులకు వేరే లెక్క అన్నది మన ఇద్దరు, ముగ్గురు, నలుగురు లాగే ఐరిష్‌లోనూ ఉంది: బెర్చ్, త్ర్యూర్, క్యాహ్రర్. లండన్ నుంచి వచ్చి నేర్చుకునేవాళ్లు ఇక్కడ తల పట్టుకుంటారు.

పాఠ్యపుస్తకాల్లో తక్కువగా కనపడే ముత్యాలు రెండు చెప్పాలి. పని చేసుకుంటున్నవాళ్ల పక్కనుంచి వెళ్తూ "బల్ ఓ యీయ ఎర్ అన్ ఒబర్" అంటారు, పని మీద దేవుడి చల్లని చూపు ఉండుగాక అని. కొత్త బట్టలు వేసుకున్నవాళ్లతో "గొ మర తూ ఇస్ గొ గాహ తూ ఏ", బతికి దాన్ని చిరిగేదాకా తొడుగు అని. తుమ్మితే "జీయ లిన్". స్వాగతం పలికే "కేద్ మీల ఫాల్చ" అందరూ విన్నదే, నూరు వేల స్వాగతాలు. లెక్క కడితే సరిగ్గా మన లక్ష.

చివరిగా, నోటికి కాక కంటికి అవసరమైన రెండు మాటలు. పబ్బుల్లో మరుగుదొడ్డి తలుపుల మీద 'మ్నా', 'ఫిర్' అని రాసి ఉంటుంది. రోమన్ అక్షరాల్లో మొదటిది ఎం అక్షరంతో, రెండోది ఎఫ్ అక్షరంతో మొదలవుతాయి. ఇంగ్లిష్ లెక్కన పోతే పరువు పోతుంది. మ్నా అంటే ఆడవాళ్లు.

మదనపల్లె, బరంపురం

తెలుగు నేలకు ఐరిష్ భాషా ఉద్యమంతో ఒకటిరెండు ముడులున్నాయి. బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టి తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అప్పుడు అక్కడి యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పిన థామస్ మెక్‌డొనా గేలిక్ లీగ్ మనిషి, ఐరిష్ భక్తుడు, బ్రిటిష్ పాలనపై జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకరు. ఆ మే నెలలో ఆయన్ను కాల్చి చంపారు. అదే ఏడాది గిరిని దేశం విడిచి పొమ్మన్నారు.

మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్ కవి, ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో పాలుపంచుకున్నవాడు. ఆయన భార్య మార్గరెట్ రాస్‌కామన్ జిల్లా బోయిల్ ఊరి ఆడపడుచు. 1919లో టాగూర్ మదనపల్లెలో బస చేసి 'జనగణమన'ను ఇంగ్లిష్ చేసినప్పుడు బాణీకి స్వరాలు రాసి పెట్టింది ఆవిడే.

ఇప్పటి ముడి ఇళ్లల్లో ఉంది. ఉద్యోగాలకని వెళ్లి ఐర్లండ్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి ప్రాథమిక బడిలో చేరితే ఐరిష్ చదవాల్సిందే. కాస్త పెద్ద వయసులో వచ్చి చేరేవాళ్లకు మినహాయింపు దొరుకుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంగ్లిష్, బడిలో కాసేపు ఐరిష్. ఐర్లండ్‌లో చదివిన ఏ పిల్లను అడిగినా, అన్నీ మర్చిపోయినా ఒక్క వాక్యం మాత్రం గడగడా అప్పజెబుతుంది: "అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గొ జీ అన్ లెహ్రస్?" టీచర్, టాయ్‌లెట్‌కు వెళ్లొచ్చా? ఐరిష్‌లో అడిగితేనే పంపిస్తారు మరి. దేశం మొత్తానికి కంఠతా వచ్చిన వాక్యం అదొక్కటే అని అక్కడివాళ్లే నవ్వుకుంటారు. బడిలో నేర్చిన వాక్యాల్లో నిజమైన అవసరానికి వాడింది అదే కదా, గుర్తుండిపోవడంలో వింతేముంది.

ఎక్కడ నేర్చుకోవాలి?

డుయోలింగోలో 2014 నుంచి ఐరిష్ ఉంది. దాన్ని స్వచ్ఛందంగా తయారుచేసినవాళ్లను 2016లో అధ్యక్షుడు మైకేల్ డి.హిగ్గిన్స్ తన భవనానికి పిలిచి అభినందించారు. ఐర్లండ్‌తో ఏ సంబంధం లేనివాళ్లు కూడా లక్షల సంఖ్యలో అందులో చేరారు. మాటలు పోగుచేసుకోవడానికి యాప్ మంచిదే గానీ, ఉచ్చారణ కోసం మాత్రం 'గేల్తఖ్త', అంటే ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న ప్రాంతాల, పల్లె మనిషి గొంతు వినాల్సిందే. అందుకు 1972లో మొదలైన రేడియో న గేల్తఖ్త, 1996 హాలోవీన్ రాత్రి మొదలైన టీజీ4 చానల్ ఉన్నాయి. రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. సినిమా పిచ్చి ఉంటే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన తొలి ఐరిష్ భాషా చిత్రం 'అన్ కలీన్ క్యూన్' (2022) చూడండి. మాటలు తక్కువ, నిదానంగా పలుకుతారు. అది చూశాక బెల్‌ఫాస్ట్ ర్యాప్ కుర్రాళ్ల 'నీక్యాప్' (2024) చూస్తే, అమ్మమ్మల భాష అనుకున్నది తిట్లతో సహా వీధిలోకి వచ్చేసిందని తెలుస్తుంది.

ఐర్లండ్ కుర్రకారుకు వేసవి కళాశాలలున్నాయి. గేల్తఖ్త పల్లెల్లో మూడు వారాలు ఊరివాళ్ల ఇళ్లల్లో ఉంటారు. ఇంటావిడను 'బ్యాన్ అ చీ' అంటారు. పగలు పాఠాలు, రాత్రి డాన్సులు. ఇంగ్లిష్ మాట్లాడుతూ పదే పదే దొరికితే మూటాముల్లె సర్దించి ఇంటికి పంపుతారు. బడిలో పద్నాలుగేళ్లకు రాని ఐరిష్ అక్కడ మూడు వారాలకు నోట ఆడిందని చెప్పేవాళ్లు ఎందరో. ఎందుకంటే ఆకలైతే ఐరిష్‌లో అడగాలి, అమ్మాయిని డాన్సుకు పిలవాలన్నా ఐరిష్‌లోనే పిలవాలి.

పెద్దవాళ్ల కోసం 2016లో డబ్లిన్‌లో 'పాపప్ గేల్తఖ్త' అని ఒకటి మొదలైంది. సంఘం, సభ్యత్వం, చందా ఏమీ లేవు. ఫలానా రోజు ఫలానా పబ్బులో ఐరిష్ మాట్లాడేవాళ్లంతా రండి అని పిలుపు, అంతే. ఆ పద్ధతి చూస్తుండగానే ఊళ్లు, దేశాలు దాటింది. అలాంటి చోట కొందరి కోటు మీద 'ఫాన్య' అనే చిన్న ఉంగరం పిన్ను కనపడుతుంది. బంగారు రంగుదైతే ధారాళంగా మాట్లాడతారని, వెండిదైతే ఓ మోస్తరుగా వచ్చని. నాతో ఐరిష్‌లో మాట్లాడొచ్చు అన్న అనుమతి అది. పిన్ను లేనివాళ్లను అడగాలంటే: "అన్ విల్ గేల్గె అగత్?" నీకు ఐరిష్ వచ్చా? ఎక్కువగా వినపడే జవాబు "బ్యాగాన్", కొంచెం. ఆ కొంచెంతో ఐదు నిమిషాలు నడిపించండి. మధ్యలో ఆగిపోతే ఇంగ్లిష్ మాట ఒకటి ఇరికించి ముందుకు పోవడమే, గేల్తఖ్తలో పుట్టినవాళ్లు కూడా చేసేది అదే.

డిసెంబరు 25న నోరు తిరగక ఊరుకున్నవాళ్లకు ఇంకో అవకాశం ఉంది. జనవరి 6న ఏ ఐరిష్ స్నేహితురాలికైనా "నొల్లిగ్ న మన్ హున దిచ్" అని ఫోన్ చేయొచ్చు. ఆవిడకు ఆ రోజు తీరికే.